విదేశీ ప్రయాణం: విమాన టికెట్, హోటల్, ఊళ్ళో రవాణా – తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశానికి బయల్దేరేవాళ్ళ సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. కాకపోతే అవి ఆలస్యంగా వస్తాయి. టికెట్ కొన్నాక వీసా గురించి, విమానం దిగే ముందురోజు హోటల్‌కి దారి గురించి అడుగుతారు. అప్పటికి డబ్బు చేయి దాటిపోయి ఉంటుంది. అందుకని ప్రయాణం సాగే వరుసలోనే ప్రశ్నల్ని పేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

నేను గట్టిగా నమ్మేది ఒకటి ముందే చెప్తాను. వెనక్కి రాని డబ్బు కట్టడం అన్నిటికంటే చివర జరగాలి. ప్రయాణాన్ని ఆపగలిగే కారణాలన్నీ అంతకుముందే తీరిపోవాలి.

## ఏదీ కొనకముందు

పాస్‌పోర్టుకి ఇంకా నాలుగు నెలల గడువు ఉంది. ఇబ్బంది లేదు కదా?

చాలాచోట్ల ఇబ్బందే. మీరు అడుగుపెట్టే రోజు నుంచి ఆరు నెలల గడువు ఉండాలని ఎన్నో దేశాలు అడుగుతాయి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్. ఆ దేశాల లెక్క వేరు: అక్కణ్ణుంచి బయటికొచ్చే తేదీ తర్వాత మూడు నెలల గడువు మిగలాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్ళు దాటి ఉండకూడదు.

దీన్ని ముందుగా చూసేది అవతలి దేశపు ఇమ్మిగ్రేషన్ అధికారి కాదు, బయల్దేరే చోట చెకిన్ కౌంటర్లో ఉన్న ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. పత్రాలు సరిగా లేనివాళ్ళని తీసుకెళ్తే జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చు ఎయిర్‌లైన్స్ మీద పడతాయి. అందుకే బతిమాలినా లాభం ఉండదు. ఖాళీ పేజీలు కూడా చూసుకోండి. ఒకటి రెండు పేజీలు పూర్తిగా ఖాళీగా ఉండాలని పట్టుబట్టే దేశాలున్నాయి.

ముందు వీసా తీసుకోవాలా, ముందు టికెట్ కొనాలా?

వీసా వచ్చాకే టికెట్. దరఖాస్తుతో పాటు ప్రయాణ వివరాలు అడుగుతారు కదా అని తొందరపడి రీఫండ్ లేని టికెట్ కొనేస్తుంటారు. అలా చేయకండి. కొన్ని ఎయిర్‌లైన్స్ కొద్దిపాటి రుసుముతో రిజర్వేషన్‌ని కొన్నాళ్ళు పట్టి ఉంచుతాయి. లేదంటే డబ్బు పూర్తిగా వెనక్కొచ్చే టికెట్, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే హోటల్ బుక్ చేసి చూపించవచ్చు. ఏజెంటు తయారుచేసి ఇచ్చే ఉత్తుత్తి టికెట్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు. రిజర్వేషన్ నంబరుతో అధికారులు సరిచూస్తే అబద్ధం బయటపడుతుంది, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తుల దాకా వస్తుంది.

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా కూడా ఉండాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కాబట్టి ముందు ఆ తేదీ పట్టుకోండి.

మధ్యలో ఒక దేశంలో ఫ్లైట్ మారతాను. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్ళను. దానికీ వీసా కావాలా?

దేశాన్ని బట్టి, మీ పాస్‌పోర్టుని బట్టి ఉంటుంది. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఇమ్మిగ్రేషన్ దాటకుండా ఇంకో దేశానికి విమానం మారే ఏర్పాటు లేదు. అందుకని రెండు గంటలే ఆగినా వీసా గానీ, వీసా మినహాయింపు ఉన్నవాళ్ళకిచ్చే ముందస్తు అనుమతి గానీ ఉండాలి. బ్రిటన్, కెనడా, కొన్ని షెంగెన్ దేశాలు కొన్ని పాస్‌పోర్టుల వాళ్ళని ట్రాన్సిట్ వీసా అడుగుతాయి.

చాలామంది ఊహించని చిక్కు ఇంకోటుంది. రెండు విమానాలకీ విడివిడిగా టికెట్లు కొంటే, చెకిన్ చేసిన బ్యాగు మధ్యలో తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. బ్యాగు బెల్టు ఇమ్మిగ్రేషన్‌కి అవతల ఉంటుంది. అంటే ఆ దేశంలోకి ప్రవేశించినట్టే, మామూలు వీసా కావాలి.

దారిలో ఆగే దేశాన్ని బట్టి టీకా సర్టిఫికెట్ అడుగుతారా?

ఎల్లో ఫీవర్ విషయంలో అడుగుతారు. ఆ జబ్బు ఉన్న దేశపు ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగినా సర్టిఫికెట్ చూపించమనే దేశాలున్నాయి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుబాటవుతుంది కాబట్టి ఆఖరి వారంలో గుర్తొస్తే ప్రయోజనం లేదు. 2016 జులై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తోంది.

షెంగెన్‌లో 90 రోజులంటే మూడు నెలలేనా?

కాదు. ఏ రోజు లెక్క చూసినా, దానికి వెనకటి 180 రోజుల్లో మీరు అక్కడ ఉన్న రోజులు 90 దాటకూడదు. దిగిన రోజు, వెళ్ళిపోయిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మధ్యలో ఓ వారం బయటికి వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదలవుతుందనుకోవడం పొరపాటు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త విధానంలో రాకపోకలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదవుతున్నాయి. ఐర్లాండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు.

తిరుగు టికెట్ లేకుండా వెళ్తే ఆపేస్తారా?

ఆపే అవకాశం ఎక్కువ. టూరిస్టుగా వెళ్ళేవాళ్ళని తిరుగు టికెట్, లేదా మరో దేశానికి వెళ్ళే టికెట్ చూపించమని చాలా దేశాలు అడుగుతాయి. బయల్దేరేచోటే ఎయిర్‌లైన్స్ కూడా అడుగుతుంది.

## విమాన టికెట్

పొద్దున చూసిన ధర సాయంత్రానికి పెరిగింది. బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోలో (మన వెతుకులాట గుర్తుపెట్టుకోని కిటికీలో) వెతికితే తగ్గుతుందా?

ధర పెరగడానికి మీ బ్రౌజర్ కారణం కాదు. ఒకే క్లాసు సీట్లని ఎయిర్‌లైన్స్ లోపల చాలా ధరల వర్గాలుగా విడగొడుతుంది. చవక వర్గంలో సీట్లు అయిపోతే తర్వాతి వర్గం ధర కనిపిస్తుంది. ఎవరైనా క్యాన్సిల్ చేస్తే మళ్ళీ తగ్గొచ్చు కూడా.

దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు, చవక వర్గంలో మూడే సీట్లుంటే చాలా సైట్లు నలుగురికీ పై వర్గం ధరే చూపిస్తాయి. ముందు ఒక్కరికి వెతికి చూడండి. తేడా పెద్దదైతే మూడు, ఒకటిగా విడగొట్టి కొనొచ్చు. కానీ అవి వేర్వేరు బుకింగ్‌లవుతాయి. విమానం రద్దయితే అందర్నీ ఒకే విమానంలో సర్దుతారన్న భరోసా ఉండదు. చిన్నపిల్లలుంటే నేనైతే విడగొట్టను.

ఎన్ని నెలల ముందు కొంటే చవక? మంగళవారం కొనాలంటారు, నిజమేనా?

వారంలో ఏ రోజు కొన్నారన్నదాని కంటే ఏ రోజు ఎగురుతున్నారన్నదే ధరని ఎక్కువగా మారుస్తుంది. ఒక రోజు అటూ ఇటూ జరపగలిగితే మంచి తేడా కనిపిస్తుంది. వెళ్ళే దేశంలో సెలవులు ఎప్పుడో కూడా చూడండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో జపాన్‌లో వచ్చే గోల్డెన్ వీక్‌లోనూ, చైనా కొత్త సంవత్సరం రోజుల్లోనూ రైళ్ళు, హోటళ్ళు కూడా దొరకవు. తేదీలు తేలగానే ధర అలర్ట్ పెట్టుకుని కొన్ని వారాలు గమనించండి. మీ బడ్జెట్‌లోకి రాగానే కొనేసి, ఆ తర్వాత మళ్ళీ చూడ్డం మానేయండి.

ఎయిర్‌లైన్స్ సైట్‌లో కొనాలా, ట్రావెల్ సైట్‌లోనా?

పోల్చడానికి ట్రావెల్ సైట్లు, కొనడానికి ఎయిర్‌లైన్స్ సైట్. ధరలో తేడా బాగా ఎక్కువైతే తప్ప ఈ పద్ధతి మార్చక్కర్లేదు. ఏ ఇబ్బందీ రాకపోతే రెండూ ఒకటే. విమానం రద్దయినా, తేదీ మార్చాల్సి వచ్చినా తేడా తెలుస్తుంది. ట్రావెల్ సైట్‌లో కొన్నవాళ్ళని ఎయిర్‌లైన్స్ చాలాసార్లు "మీరు కొన్నచోటే అడగండి" అంటుంది. అర్ధరాత్రి వేరే దేశపు ఎయిర్‌పోర్టులో నిలబడి కాల్ సెంటర్ కోసం ఎదురుచూడటం ఎవరికీ రాకూడదు.

ఎక్కడ కొన్నా ఒకటి సరిచూడండి. పీఎన్ఆర్ అనే ఆరు అక్షరాల కోడ్ వచ్చిందంటే సీటు పట్టి ఉంచారని మాత్రమే. డబ్బు అంది టికెట్ జారీ అయిందనడానికి గుర్తు 13 అంకెల ఈ-టికెట్ నంబరు. అది రాకపోతే వెంటనే అడగండి. పీఎన్ఆర్‌తో ఎయిర్‌లైన్స్ సైట్‌లోకి వెళ్ళి మీ బుకింగ్ మీరే చూసుకోండి.

కొన్న గంటకే తేదీ తప్పని తెలిసింది. డబ్బు వెనక్కొస్తుందా?

అమెరికాకి వచ్చే, అక్కణ్ణుంచి వెళ్ళే విమానాలకు ఒక రక్షణ ఉంది. ప్రయాణానికి ఏడు రోజులు, అంతకన్నా ముందుగా ఎయిర్‌లైన్స్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రుసుము లేకుండా క్యాన్సిల్ చేసుకునే వీలు గానీ, డబ్బు కట్టకుండా ఆ ధరని 24 గంటలు నిలిపి ఉంచే వీలు గానీ వాళ్ళు ఇవ్వాలి. మిగతా చోట్ల అది ఆ ఎయిర్‌లైన్స్ నియమాల్ని బట్టి ఉంటుంది. ఏదైనా సరే, గంటల్లో తేల్చుకోవాల్సిన పని.

రెండు విడి టికెట్లు కొంటే చాలా చవకగా వస్తోంది. ఒకే టికెట్‌గా ఎందుకు కొనాలి?

అదనంగా కట్టే డబ్బుతో మీరు కొనేది బాధ్యత. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మిమ్మల్ని గమ్యానికి చేర్చడం ఎయిర్‌లైన్స్ పని. తర్వాతి విమానంలో సీటు వాళ్ళే చూస్తారు. బ్యాగులు మామూలుగా చివరిదాకా వాళ్ళే చేరుస్తారు.

విడి టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్స్ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికులు, అంతే. ఆ టికెట్ పోతుంది. అప్పటికప్పుడు కొత్తది కొనాలి, ఆఖరి నిమిషపు ధరకి. తిరుగు ప్రయాణం కూడా అదే టికెట్ మీద ఉంటే అది కూడా రద్దవుతుంది. కొన్ని సైట్లు ఇలాంటి విడి టికెట్లని ఒకే ప్రయాణంలా కలిపి చూపిస్తాయి. "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి.

విడి టికెట్లే కొనాలనుకుంటే ఆ ఊళ్ళో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి. ఆ హోటల్ ఖర్చు కలిపాక కూడా చవకైతేనే అది నిజంగా చవక.

కనెక్షన్‌కి ఎంత టైమ్ ఉంటే చాలు?

ప్రతి ఎయిర్‌పోర్టుకీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి నిర్ణయించి ఉంటుంది. ఒకే టికెట్ అమ్మేటప్పుడు అంతకు తక్కువ ఇవ్వరు. కానీ అది అన్నీ సవ్యంగా జరిగితే సరిపోయే సమయం. ఒకే టికెట్ మీద రెండు మూడు గంటలు ఉంటే ప్రశాంతంగా ఉంటుంది. ఆ రోజు గమ్యానికి అదే ఆఖరి విమానమైతే ఇంకాస్త ఎక్కువ ఉంచుకోండి.

అమెరికాలో దేశీయ విమానం మారాలంటే, మామూలుగా మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమ్మిగ్రేషన్ పూర్తిచేసుకుని, బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించి, సెక్యూరిటీ తనిఖీకి నిలబడాలి. అక్కడ మూడు గంటలకు తక్కువైతే నేను కొనొద్దనే చెప్తాను. టోక్యోలో నరీటాలో దిగి హనెడా నుంచి, లండన్‌లో హీత్రోలో దిగి గాట్విక్ నుంచి ఎక్కే టికెట్లు కూడా అమ్ముతారు. ఎయిర్‌పోర్టు పేరు రెండుచోట్లా ఒకటేనా అని చూడండి.

ఒక ఊళ్ళో దిగి, ఇంకో ఊరి నుంచి తిరిగొస్తాను. రెండు వన్‌వేలు కొనాలా?

ముందు "మల్టీ సిటీ" అన్న చోట వెతకండి. రోమ్‌లో దిగి పారిస్ నుంచి తిరిగి రావడం లాంటివి అక్కడ మామూలు రానుపోను ధరకి దగ్గరగా దొరుకుతుంటాయి. మొదటి ఊరికి వెనక్కి వచ్చే ఒక రోజు, ఆ రైలు ఖర్చు మిగులుతాయి. విమానం టికెట్ కాస్త ఎక్కువైనా మొత్తం మీద ఇదే లాభమని నా ఉద్దేశం.

వెళ్ళే టికెట్ వాడకుండా తిరుగు టికెట్ ఒక్కటే వాడుకోవచ్చా?

కుదరదు. మొదటి విమానానికి రాకపోతే చాలా ఎయిర్‌లైన్స్ మిగతా ప్రయాణాన్నంతా రద్దు చేస్తాయి. ప్లాన్ మారితే విమానం బయల్దేరకముందే ఫోన్ చేసి మార్పించుకోండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. టికెట్‌లో ఏం రాయాలి?

ఒక్కో ఎయిర్‌లైన్స్‌ది ఒక్కో పద్ధతి. కొందరు ఉన్న పేరునే రెండు గడుల్లోనూ రాయమంటారు, ఇంకొందరు రెండో గడికి వాళ్ళు చెప్పిన అక్షరాలు పెట్టమంటారు. కొనేముందే వాళ్ళని అడిగి, చెప్పిన జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. వెళ్ళే దేశం ఒకే పేరున్న పాస్‌పోర్టుని ఒప్పుకుంటుందో లేదో కూడా కనుక్కోండి. రెండు గడులూ నిండి ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలు ఉన్నట్టే రాయాలి. బ్యాంకులోనో సర్టిఫికెట్లోనో ఇంకోలా ఉందని టికెట్‌లో మార్చకూడదు.

అమ్మానాన్న ఇద్దరే వెళ్తున్నారు, భాష రాదు. వీల్‌చైర్ అడగొచ్చా?

తప్పకుండా అడగండి. ఎయిర్‌లైన్స్ దీనికి మామూలుగా డబ్బు తీసుకోవు. కనీసం 48 గంటల ముందు బుకింగ్‌లో నమోదు చేయించండి. ఎక్కువ దూరం నడవలేని వాళ్ళ కోసమే ఈ సాయం. దీన్ని తీసుకుంటే మనిషి తోడుండి ఇమ్మిగ్రేషన్, బ్యాగు బెల్టు దాటిస్తారు. నడవగలిగేవాళ్ళకి, భాష మాత్రమే ఇబ్బంది అయితే, దారి చూపించే మనిషి సేవ కొన్ని ఎయిర్‌లైన్స్‌లో ఉంటుంది. అది అడగండి.

ఇద్దరికీ చెరో కాగితం రాసివ్వండి: విమానం నంబర్లు, మారే ఎయిర్‌పోర్టు, ఉండబోయే చిరునామా, అక్కడివాళ్ళ ఫోన్ నంబరు. ఒక్క కాగితమే ఇస్తే ఇద్దరూ విడిపడినప్పుడు ఒకరి చేతిలో ఏమీ ఉండదు. మందులు చేతి బ్యాగులోనే పెట్టాలి, ప్రిస్క్రిప్షన్‌తో సహా.

## లగేజీ

టికెట్‌లో "రెండు పీసులు" అని ఉంది. ఒకే పెద్ద బ్యాగులో 46 కిలోలు పెట్టొచ్చా?

పెట్టకూడదు. పీసుల లెక్కలో ఒక్కో బ్యాగుకీ విడిగా పరిమితి ఉంటుంది, ఎకానమీలో ఎక్కువగా 23 కిలోలు. కొన్ని ఎయిర్‌లైన్స్ మొత్తం బరువు లెక్క పాటిస్తాయి, అక్కడ 30 కిలోలని ఎన్ని బ్యాగుల్లోనైనా సర్దుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. ఎత్తి దించే కార్మికుల నడుము కోసం పెట్టిన హద్దు అది.

పవర్ బ్యాంక్ ఎందులో పెట్టాలి?

చేతి బ్యాగులోనే. చెకిన్ బ్యాగులో పెడితే బయటికి తీయిస్తారు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాకా మామూలుగా అనుమతి ఉంటుంది, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్స్‌ని ముందే అడగాలి, ఆపైన అసలు కుదరదు. లెక్క ఇలా: పవర్ బ్యాంక్ మీద రాసుండే మిల్లీఆంప్ అవర్లని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే చాలు. 20,000 అని రాసున్నది 74 వాట్ అవర్లు. 2025 నుంచి కొన్ని ఎయిర్‌లైన్స్ విమానంలో దాన్ని వాడటాన్నే నిషేధించాయి. చైనా దేశీయ విమానాల్లో అక్కడి 3సీ భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకుల్ని 2025 జూన్ చివర నుంచి తీసుకెళ్ళనివ్వడం లేదు.

డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా, మధ్యలో ఫ్లైట్ మారేటప్పుడు తీసేసుకుంటారా?

షాపువాళ్ళు సీలు వేసిన సంచిలో, బిల్లు కనిపించేలా, విప్పకుండా ఉంచితే చాలాచోట్ల వదులుతారు. సీలు విప్పితే, చేతి బ్యాగులో ద్రవం సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం వర్తిస్తుంది. ఆఖరి ఎయిర్‌పోర్టులో కొనుక్కుంటే ఈ బెంగే ఉండదు.

## హోటల్

తెల్లవారుజామున మూడింటికి దిగుతాను. హోటల్ ఏ తేదీకి బుక్ చేయాలి?

12వ తేదీ తెల్లవారుజామున మూడింటికి దిగితే 11వ తేదీ రాత్రికి బుక్ చేయాలి. 12కి బుక్ చేస్తే గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. బుక్ చేశాక హోటల్‌కి మెసేజ్ పెట్టండి: "12వ తేదీ ఉదయం నాలుగింటికి వస్తాం, గది ఉంచండి" అని. చెప్పకపోతే మీరు రాలేదనుకుని గదిని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. చిన్న హోటళ్ళలో రాత్రి రిసెప్షన్ మూసేస్తారు, తాళం ఎలా ఇస్తారో కూడా అడగండి.

తిరుగు ప్రయాణంలో దీనికి ఎదురు చిక్కు వస్తుంది. టికెట్ మీద 20వ తేదీ 00:20 అని ఉంటే, మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 19వ తేదీ రాత్రి.

ఊరి మధ్యలో తీసుకోవాలా, దూరమైనా చవకది చూడాలా?

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో చూడండి. మీరు తిరగబోయే రెండు మూడు చోట్ల నుంచి హోటల్‌కి, రాత్రి పదింటికి ఎంతసేపు పడుతుందో మ్యాప్‌లో వెతకండి. మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్న శివారు హోటల్, బస్సు కోసం ఎదురుచూడాల్సిన "సిటీ సెంటర్" హోటల్ కంటే మేలు. రాత్రి ఆఖరి రైలు ఎప్పుడో చూడండి. అది తప్పితే టాక్సీకయ్యే ఖర్చు, మిగిలిందనుకున్న డబ్బుని మింగేస్తుంది. పాత యూరప్ ఊళ్ళలో లిఫ్టు ఉందా అన్నది తప్పనిసరిగా అడగాల్సిన మాట, పెద్దవాళ్ళుంటే మరీను.

రీఫండ్ లేని గది బాగా చవక. తీసుకోనా?

వీసా చేతికొచ్చి, విమాన టికెట్ జారీ అయి, తేదీలు కదలవని తేలితే తీసుకోండి. అంతకుముందైతే క్యాన్సిల్ చేసుకునేదే. ఉచిత క్యాన్సిలేషన్ గడువు హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం లెక్కిస్తుంటారు, అది గమనించి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

డబ్బంతా ముందే కట్టాను. కౌంటర్లో మళ్ళీ ఎందుకు అడుగుతున్నారు?

రెండు కారణాలుంటాయి. ఒకటి టూరిస్టు పన్ను. రోమ్, పారిస్, బార్సిలోనా, దుబాయ్ లాంటి చోట్ల దీన్ని తరచూ హోటల్లోనే విడిగా వసూలు చేస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది 2024 నుంచి గది అద్దెలో 12.5 శాతం. లాస్ వేగస్‌లో చాలా హోటళ్ళు రిసార్ట్ ఫీజు అని రోజుకింత కలుపుతాయి.

రెండోది డిపాజిట్. ఇది ఖర్చు కాదు, కార్డు మీద కొంత మొత్తాన్ని ఆపి ఉంచి, ఖాళీ చేశాక వదులుతారు. క్రెడిట్ కార్డు ఇస్తే మీ పరిమితిలో కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే చాలా రోజులు ఇరుక్కుపోతుంది.

"కార్డు వివరాలు మళ్ళీ ఇవ్వండి, లేకపోతే బుకింగ్ రద్దు" అని మెసేజ్ వచ్చింది. నిజమేనా?

నమ్మకండి, లింకు నొక్కకండి. బుకింగ్ యాప్‌లోనే వచ్చినా సరే, హోటల్ ఖాతాని దొంగిలించి ఇలా పంపే మోసాలు ఉన్నాయి. హోటల్ సొంత సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి.

హోటల్‌కి బదులు ఇల్లు అద్దెకి తీసుకోవచ్చా?

వారం పైన ఉండే కుటుంబానికి వంటగది, వాషింగ్ మెషిన్ చాలా ఉపయోగం. కానీ ఆ ఊరి చట్టం చూడాలి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెలకు యజమాని నమోదు చేసుకోవాలి, అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. నమోదు సంఖ్య ప్రకటనలో లేకపోతే వదిలేయండి. వీసా దరఖాస్తులో చూపించడానికి హోటల్ బుకింగే సులువు.

## దిగాక, ఊళ్ళో తిరగడం

ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఎలా వెళ్ళాలో దిగాక చూసుకుంటే సరిపోదా?

టికెట్ కొనేటప్పుడే చూడాలి. పారిస్ పేరుతో అమ్మే బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కి 80 కిలోమీటర్లకు పైగా దూరం. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఎయిర్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. టోక్యోకి నరీటా దాదాపు 60 కిలోమీటర్లు, హనెడా చాలా దగ్గర. ఇస్తాంబుల్‌లో ఒక ఎయిర్‌పోర్టు యూరప్ వైపు, సబీహా గోక్చెన్ ఆసియా వైపు. చవక విమానంలో మిగిలింది ఈ దారిలోనే ఖర్చయిపోవచ్చు.

దిగే సమయానికి గంటన్నర కలిపి, అప్పటికి రైలో బస్సో నడుస్తుందా చూడండి. నడవకపోతే ముందే కారు మాట్లాడుకోండి. లోపల నిలబడి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకండి. అధికారిక టాక్సీ వరుస బయట బోర్డుతో ఉంటుంది. ఆగ్నేయాసియాలో గ్రాబ్, చైనాలో దీదీ, యూరప్‌లో బోల్ట్ లాంటి యాప్‌లు ఇంట్లో ఉండగానే వేసుకుని, కార్డు జతచేసి, ఓటీపీ వచ్చేలా చూసుకోండి.

డే పాస్, రైల్ పాస్ కొనడం లాభమేనా?

మీరు చేయబోయే ప్రయాణాల విడి ధరలు కాగితం మీద కూడండి, అప్పుడే తెలుస్తుంది. జపాన్ రైల్ పాస్ ఒకప్పుడు కళ్ళు మూసుకుని కొనేది. 2023 అక్టోబరులో ఏడు రోజుల మామూలు పాస్ 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకి పెరిగాక చాలామందికి విడి టికెట్లే చవక. లండన్‌లో పాస్ కోసం వెతకక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు ఆనిస్తూ తిరిగితే రోజుకో గరిష్ఠ హద్దు ఉంటుంది, అది దాటాక ఆ రోజు ఇంక వసూలు చేయరు. అయితే ఒకే కార్డు, లేదా ఒకే ఫోన్ వాడాలి. అదే కార్డుని ఒకసారి ప్లాస్టిక్‌తో, ఒకసారి ఫోన్‌తో ఆనిస్తే రెండు వేర్వేరు లెక్కలవుతాయి. కుటుంబంలో ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి. లక్సెంబర్గ్‌లోనైతే 2020 నుంచి బస్సులు, ట్రాములు, రైళ్ళలో రెండో తరగతి అందరికీ ఉచితం.

టికెట్ చేతిలోనే ఉంది. అయినా ఫైన్ ఎందుకు వేశారు?

ముద్ర వేయించకపోవడం వల్ల అయ్యుంటుంది. ఇటలీలో రీజినల్ రైలు కాగితపు టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మెషిన్‌లో పెట్టాలి. జర్మనీ మెట్రోల్లో గేట్లు ఉండవు, దాంతో ఎవరూ చూడరనిపిస్తుంది. తనిఖీవాళ్ళు మామూలు బట్టల్లో వస్తారు, చెల్లే టికెట్ లేకపోతే మామూలుగా 60 యూరోలు. కొత్త ఊళ్ళో మొదటి ప్రయాణానికి ముందు అక్కడివాళ్ళు ఏం చేస్తున్నారో రెండు నిమిషాలు నిలబడి చూడండి.

గూగుల్ మ్యాప్స్ ఉంటే చాలదా?

చైనాలో గూగుల్ సేవలు మామూలు నెట్‌లో తెరుచుకోవు. చెల్లింపులకు అలీపే, వీచాట్ పే యాప్‌లలో విదేశీ కార్డు ముందే జతచేసుకోవాలి. దక్షిణ కొరియాలో నేవర్ మ్యాప్, కకావో మ్యాప్ వాడితే దారి సరిగా తెలుస్తుంది. ఎక్కడికెళ్ళినా ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. హోటల్ చిరునామా స్థానిక లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే టాక్సీ డ్రైవరుకి చూపించవచ్చు.

కార్డు మెషిన్ "మీ కరెన్సీలో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా" అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

ఎప్పుడూ స్థానిక కరెన్సీ. మీ కరెన్సీ ఎంచుకుంటే మారకపు రేటు అవతలివాళ్ళు వేస్తారు, అది మామూలుగా మీ బ్యాంకు రేటు కంటే నష్టం. ఏటీఎంలో కూడా ఇదే అడుగుతుంది.

ఈసిమ్ (ఫోన్‌లోనే దించుకునే సిమ్) తీసుకుంటే పాత సిమ్ తీసేయొచ్చా?

తీయకండి. బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి. డేటా ఈసిమ్ మీద నడిపి, పాత సిమ్‌లో డేటా ఆపేసి, మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ ఉంచుకోండి. ఫోన్ అన్‌లాక్ అయి ఉందో లేదో బయల్దేరకముందే చూడాలి.

అక్కడ కారు అద్దెకి తీసుకుని నడపొచ్చా?

చాలా దేశాల్లో మీ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఈ పర్మిట్లు 1949 జెనీవా ఒప్పందం, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఉంటాయి. జపాన్ 1949 నాటి పర్మిట్‌నే ఒప్పుకుంటుంది. కారు కంపెనీలు ఎక్కువగా డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతాయి.

ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డున అనుమతి లేని కార్లు వెళ్ళకూడని ప్రాంతాలుంటాయి. కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత వస్తుంది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మోటార్‌వేల మీద విన్యెట్ అనే రుసుము ముందే కట్టాలి. కారు తీసుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు చుట్టూ వీడియో తీయండి. పెద్ద ఊళ్ళలో మాత్రం కారు వద్దు, పార్కింగ్‌కే అలసిపోతారు.

## ఏదైనా తప్పితే

ఫ్లైట్ చాలా ఆలస్యమైంది. పరిహారం వస్తుందా?

యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, అక్కడికి వచ్చే యూరోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలకైనా 261/2004 నిబంధన వర్తిస్తుంది. గమ్యానికి మూడు గంటలు, అంతకన్నా ఆలస్యంగా చేరితే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు అడగొచ్చు. తుపాను, గగనతలం మూసివేత లాంటివి కారణమైతే ఆ డబ్బు రాదు. కానీ ఎదురుచూసే సమయంలో భోజనం, రాత్రయితే హోటల్ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత అప్పుడూ ఉంటుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి చట్టమే ఉంది. బోర్డింగ్ పాస్ పారేయకండి, ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా అడగండి.

బ్యాగు రాలేదు. ఏం చేయాలి?

ఆ హాలు దాటకముందే ఎయిర్‌లైన్స్ బ్యాగేజీ కౌంటర్‌కి వెళ్ళి పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి, దాని నంబరు తీసుకోండి. బయటికొచ్చేశాక రుజువు చేయడం కష్టం. అత్యవసరంగా కొన్న బట్టలు, సబ్బులకు బిల్లులు దాచండి.

1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులకీ రాకపోతే పోయినట్టే లెక్క. కోర్టుకి వెళ్ళాలంటే రెండేళ్ళ గడువు. పరిహారానికి హద్దు 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఇది అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కించే కొలమానం. ఆ హద్దులో కూడా నష్టం మీరే చూపించాలి. సర్దేటప్పుడు తెరిచిన బ్యాగుని ఒక ఫొటో తీసి ఉంచుకుంటే అప్పుడు ఎంతో పనికొస్తుంది.

పాస్‌పోర్టు పోయింది. తిరుగు ఫ్లైట్ రెండు రోజుల్లో ఉంది.

ముందు పోలీసు ఫిర్యాదు, దాని కాపీతో మీ దేశపు రాయబార కార్యాలయం. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు, ఫొటోలు చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది. ఇంటికి చేరడానికి అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తారు. అది చేతికి రాకముందే రెండు చోట్ల అడగాలి: ఆ దేశం విడిచి వెళ్ళడానికి ఇమ్మిగ్రేషన్ కార్యాలయం అనుమతి కావాలా, మధ్యలో విమానం మారే దేశం ఆ పత్రాన్ని ఒప్పుకుంటుందా అని. ఒప్పుకోకపోతే వేరే దారిలో, వీలైతే నేరుగా వెళ్ళే విమానానికి టికెట్ మార్పించమని ఎయిర్‌లైన్స్‌ని ఆ రోజే అడగండి.